ప్రపంచ సాహిత్యాన్ని హైస్కూల్లో ఎలా చదవాలి: తేడాల మీదుగా ఉమ్మడి అనుభవానికి

హైస్కూలు విద్యార్థులు, వారికి సాహిత్యం చెప్పే ఉపాధ్యాయులు పదే పదే అడిగే ప్రశ్నలు రెండు. ఇన్ని దేశాల, ఇన్ని కాలాల రచనల్లో దేనితో మొదలుపెట్టాలన్నది మొదటిది. చదివిన తరువాత "మనుషులంతా ఒక్కటే, బాధ అందరికీ సమానమే" అన్న వాక్యం తప్ప రాయడానికి మరేమీ తోచడం లేదన్నది రెండోది. ఈ రెండో ఇబ్బంది తీరితే మొదటిది దానంతట అదే తేలికవుతుంది.

ఆ వాక్యం అబద్ధం కాదు. కానీ పుస్తకం తెరవక ముందే దాన్ని రాసేయవచ్చు కాబట్టి, పుస్తకం చదివినందువల్ల మనకు కొత్తగా ఏం తెలిసిందో అది చెప్పదు. ఇక్కడ చెప్పే పద్ధతిలో పోలికను చివరిదాకా వాయిదా వేస్తాం. ముందు ప్రతి రచననూ దాని చోట, దాని భాషలో, దాని మనుషుల మధ్య నిలబెట్టి చూస్తాం. తేడాలన్నీ కళ్లముందు పరిచిన తరువాత కూడా మిగిలేదేదో అదే ఉమ్మడి అనుభవం.

వారానికి మూడు గంటల చొప్పున ఆరు వారాలు కేటాయించగలిగితే మూడు రచనలను ఈ క్రమంలో నిదానంగా పూర్తి చేయవచ్చు.

1. పదాన్ని కాదు, ప్రశ్నను ఎంచుకోండి

"మరణం", "ప్రేమ", "స్వేచ్ఛ" వంటి ఒంటి పదాలను అంశాలుగా తీసుకుంటే పని అక్కడే చెడుతుంది. ఆ పదాలు ఏ రచనకైనా అతుకుతాయి. ఒక మనిషి ఒక పరిస్థితిలో ఎదుర్కొనే ప్రశ్నగా దాన్ని మార్చి రాసుకుంటే, చదువుతున్నప్పుడు దేన్ని వెతకాలో తెలుస్తుంది. కొన్ని ఉదాహరణలు చూడండి.

- దుఃఖంలో ఉన్న మనిషి దాన్ని ఎవరికి చెప్పుకోగలడు?
- పాలకుడి ఆజ్ఞకూ, సొంతవారి పట్ల ఉన్న కర్తవ్యానికీ పొసగనప్పుడు మనిషి ఎటు నిలబడతాడు?
- సంపాదించడం ఆగిపోయిన మనిషికి కుటుంబంలో ఏ చోటు మిగులుతుంది?
- ఒకరి కథను వారి బదులు మరొకరు చెప్పినప్పుడు అందులోంచి ఏం జారిపోతుంది?

ప్రశ్న సరైనదో కాదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. దానికి "అవును", "కాదు" అన్న ఒక్క మాటతో జవాబు వస్తే అది పనికిరాదు. ఒకే ప్రశ్నకు రెండు రచనలు రెండు రకాల జవాబులు ఇచ్చే వీలుంటే అది మంచి ప్రశ్న.

ఈ మార్గదర్శి అంతటా పై నాలుగింటిలో మొదటి ప్రశ్ననే ఉదాహరణగా వాడుతున్నాను.

2. మూడు రచనలు చాలు

పది పుస్తకాల జాబితా వేసుకుని రెండో పుస్తకంలో ఆగిపోవడం కన్నా, మూడు రచనలను రెండేసి సార్లు చదవడం వెయ్యి రెట్లు నయం. ఆ మూడూ కాలంలోనూ, ప్రక్రియలోనూ ఒకదానికొకటి దూరంగా ఉండాలి. మూడూ ఒకే శతాబ్దపు నవలలైతే వాటిలో కనిపించే పోలిక ఆ కాలానిదో, నవల అనే ప్రక్రియదో అయివుండవచ్చు. అది మనుషులందరిదీ అని చెప్పడానికి ఆధారం చాలదు.

మన ప్రశ్నకు ఈ మూడింటిని తీసుకుందాం.

- చెహోవ్ 1886లో రాసిన "తొస్కా" అనే రష్యన్ కథ. కొన్ని పేజీలే ఉంటుంది. కొడుకును పోగొట్టుకున్న ఒక బండివాడి రాత్రి ఇందులోని విషయం.
- హోమర్ పేరిట నిలిచిన గ్రీకు కావ్యం ఇలియడ్‌లో చివరిదైన 24వ భాగం. హెక్టర్ శవం కోసం అతని తండ్రి, ట్రాయ్ రాజు ప్రయామ్, ఆ కొడుకును చంపిన గ్రీకు వీరుడు అకిలీజ్ గుడారానికి వెళ్లే ఘట్టం ఇది.
- ప్రాచీన మెసొపొటేమియా (నేటి ఇరాక్ ప్రాంతం) భాష అయిన అక్కాడియన్‌లో మట్టిపలకల మీద దొరికిన గిల్గమేష్ కావ్యంలో 8, 9, 10 పలకలు. స్నేహితుడు ఎంకిడు మరణం తరువాత రాజు గిల్గమేష్ విలపించి, దిమ్మరిగా తిరిగే భాగం ఇది.

కాలక్రమంలో చదవనవసరం లేదు. అన్నిటికన్నా చిన్నదైన, గద్యంలో ఉన్న కథతో మొదలుపెట్టండి. కావ్యంలోంచి ఒక భాగాన్ని మాత్రమే చదువుతున్నట్లయితే, దానికి ముందు ఏం జరిగిందో పది వాక్యాల్లో రాసుకుని పెట్టుకోండి. అకిలీజ్ స్నేహితుడు పట్రోక్లస్‌ను హెక్టర్ చంపాడన్న సంగతి తెలియకుండా 24వ భాగం చదివితే అకిలీజ్ కన్నీళ్లు సగమే అర్థమవుతాయి.

ఎంపిక ముగించే ముందు చూసుకోవలసినవి:

☐ మూడు రచనలకూ కనీసం రెండు వేర్వేరు ప్రక్రియలు ఉన్నాయి.
☐ కనీసం ఒకటి ఒకేసారి కూర్చుని చదివి ముగించగలిగేది.
☐ మూడింటికీ పూర్తి పాఠం చేతిలో ఉంది, సారాంశం కాదు.
☐ ప్రశ్న నోట్‌బుక్ మొదటి పేజీలో ఒక్క వాక్యంగా రాసి ఉంది.

3. అనువాదాన్ని అనువాదంగా చదవండి

ప్రపంచ సాహిత్యంలో అధిక భాగం మనకు అనువాదంలోనే అందుతుంది, చాలాసార్లు ఇంగ్లీషు మీదుగా వచ్చిన అనువాదంలో. ఇది సిగ్గుపడవలసిన విషయం కాదు, గుర్తుపెట్టుకోవలసిన విషయం. అట్ట మీద, ముందుమాటలో వెతికి మూడు సంగతులు రాసుకోండి: అనువాదకుని పేరు, అనువదించిన సంవత్సరం, నేరుగా మూలభాష నుంచి చేశారా లేక మధ్యలో మరో భాష ఉందా. అది అనువాదమా, స్వేచ్ఛగా తిరగరాసిన రూపమా అన్నది కూడా చూడాలి. గిల్గమేష్ పలకలు చాలాచోట్ల పగిలిపోయాయి. జాగ్రత్తగా చేసిన అనువాదం ఆ ఖాళీలను చుక్కలతోనో బ్రాకెట్లతోనో చూపుతుంది. తిరగరాసిన రూపం వాటిని పూడ్చేస్తుంది. పూడ్చిన వాక్యాన్ని పట్టుకుని వ్యాసం రాస్తే మీరు చర్చిస్తున్నది ఇప్పటి రచయిత ఊహను.

వీలైతే ముఖ్యమైన ఒక పేరానైనా రెండు అనువాదాల్లో పక్కపక్కన పెట్టి చదవండి. "తొస్కా" అన్న రష్యన్ మాటకు ఇంగ్లీషు అనువాదకులు ఒకరు "మిజరీ" అని, మరొకరు "హార్టేక్" అని పేరు పెట్టారు. మొదటి దానిలో దుర్భర స్థితి, రెండో దానిలో గుండెకోత వినిపిస్తాయి. రష్యన్ మాటలో బాధతో పాటు దేనికోసమో తపించే వెలితి కూడా ఉంది. తెలుగులో "దిగులు" అందామా, "వేదన" అందామా, "బెంగ" అందామా అని ఆలోచించి చూడండి. ఆ ఆలోచనే కథలోకి మొదటి అడుగు. కామూ 1942 నాటి ఫ్రెంచి నవల "అపరిచితుడు" మొదటి వాక్యంలో తల్లిని "మమాఁ" అంటాడు కథకుడు. 1946 నాటి ఇంగ్లీషు అనువాదం దాన్ని "మదర్" అని మార్చింది. 1988 నాటి అనువాదం "మమాఁ"ను అలాగే ఉంచింది. "మదర్" అనగానే ఆ కొడుకు రాతిమనిషిలా తోస్తాడు. తెలుగులో "అమ్మ" అనగానే ఆ చలి చాలావరకు తగ్గుతుంది. పాత్ర గురించి మన తీర్పు ఒక్క మాట మీద ఎంత ఆధారపడి ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది.

తెలుగు పాఠకులకు మరో ప్రత్యేక జాగ్రత్త అవసరం. రష్యన్‌లోనూ ఫ్రెంచిలోనూ "నువ్వు", "మీరు" అన్న తేడా ఉంది; నేటి ఇంగ్లీషులో లేదు. ఇంగ్లీషు మీదుగా తెలుగులోకి వచ్చినప్పుడు ఆ తేడాను అనువాదకుడు ఊహించి పెట్టవలసి వస్తుంది. ప్రాచీన గ్రీకులో ఒక వ్యక్తిని సంబోధించడానికి గౌరవవాచకమైన "మీరు" లేనే లేదు. ముసలి రాజు ప్రయామ్ తన కొడుకును చంపిన యువకుడి కాళ్ల దగ్గర కూర్చుని "నువ్వు" అంటాడా, "మీరు" అంటాడా? తెలుగు అనువాదకుడు ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. ఏది ఎంచుకున్నా ఆ దృశ్యం కొంత ఒరుగుతుంది. అలాగే "తొస్కా"లో బండివాణ్ని "వాడు" అని, బండెక్కిన అధికారిని "ఆయన" అని రాస్తే, మూలంలోని సర్వనామంలో లేని హెచ్చుతగ్గులను మన భాష కథకుడి నోట పెట్టినట్లవుతుంది. ఇలాంటి చోట్ల పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టుకోండి.

4. మొదటి పఠనం: ఆగకుండా

మొదటిసారి కథను కథగా చదవండి. నిఘంటువు తెరవవద్దు, గీతలు గీయవద్దు, నేపథ్యం వెతకవద్దు. పాత్రల పేర్లు కొరుకుడు పడకపోతే ఒక చిన్న కాగితం మీద పేరు, బంధుత్వం రాసుకుని పుస్తకంలో పెట్టుకుంటే చాలు. రష్యన్ రచనల్లో ఒకే మనిషికి మూడు నాలుగు రకాల పిలుపులు ఉంటాయి కాబట్టి ఆ కాగితం తప్పనిసరి.

ముగించిన వెంటనే, ఎవరితోనూ మాట్లాడకముందే, పది నిమిషాలు రాయండి. ఎక్కడ మనసు కదిలింది, ఎక్కడ విసుగు పుట్టింది, ఎక్కడ అర్థం కాలేదు, ఏ పని వింతగా లేదా తప్పుగా అనిపించింది అన్న నాలుగు విషయాలు చాలు. విసుగును దాచుకోకండి. విసుగు పుట్టిన చోట సాధారణంగా మనకు తెలియని ఒక సంప్రదాయం ఉంటుంది. గిల్గమేష్ కావ్యంలో ఒకే సమాధానం అక్షరం పొల్లుపోకుండా మళ్లీ మళ్లీ రావడం మొదటిసారి చదివేవారికి విసుగు కలిగిస్తుంది. ఆ చోటే మనకు తరువాత అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడుతుంది.

5. రెండో పఠనం: నాలుగు అరల పేజీ

అసలు చదువు ఇక్కడ మొదలవుతుంది. తొందరపడకండి. నోట్‌బుక్‌లో ఒక పేజీని నాలుగు అరలుగా గీసుకోండి.

- మాటలు: ఎవరు ఎవరితో, ఎంతసేపు మాట్లాడారు, ఎవరు మధ్యలో తుంచారు.
- శరీరం: చేతులు, చూపు, నడక, తిండి, నిద్ర.
- వస్తువులు: మళ్లీ మళ్లీ కనిపించేవి, చేతులు మారేవి.
- మౌనం: చెప్పాల్సిన చోట చెప్పనిది, అడగాల్సిన చోట అడగనిది.

"తొస్కా" మీద ఈ పేజీ ఎలా నిండుతుందో చూద్దాం. మసక చీకటిలో మంచు కురుస్తుంటే బండివాడు ఇయోనా తన గుర్రపు బండి మీద ఒళ్లు వంచుకుని కూర్చుని ఉంటాడు. మొదట ఒక సైనికాధికారి ఎక్కుతాడు. ఈ వారమే నా కొడుకు పోయాడని ఇయోనా అంటే, దేనివల్ల అని అధికారి అడుగుతాడు. జవాబు మొదలవుతుండగానే దారి గొడవలో మాట తెగిపోతుంది, అధికారి కళ్లు మూసుకుంటాడు. తరువాత ముగ్గురు యువకులు ఎక్కుతారు. మనమంతా పోవలసినవాళ్లమే అని వారిలో ఒకడు నిట్టూరుస్తాడు. కొడుకు ఎలా పోయాడో చెబుదామని ఇయోనా వెనక్కి తిరిగేసరికి, దేవుడి దయవల్ల చేరుకున్నాం అని ఆ యువకుడే తేలిగ్గా ఊపిరి పీలుస్తాడు. ఆ పైన ఒక ఇంటి కాపలాదారుతో మాట కలపబోతే, ఇక్కడ ఆగవద్దు, బండి తోలుకుపొమ్మంటాడు. బస దగ్గర మంచినీళ్లకు లేచిన కుర్ర బండివాడికి చెబితే, వాడు ముసుగు తన్ని నిద్రపోతాడు.

ఇప్పుడు "మాటలు" అరను చూడండి. ఇయోనా చెప్పగలిగింది ఒకటి రెండు వాక్యాలు, కొడుకు పోయాడన్న వార్తకు మించి దాదాపు ఏమీ లేదు. అతను చెప్పదలచుకున్నది వేరు. కొడుకుకు జబ్బు ఎలా వచ్చింది, ఎలా బాధపడ్డాడు, పోయేముందు ఏమన్నాడు, ఎలా పోయాడు, అంత్యక్రియలు ఎలా జరిగాయి, చనిపోయినవాడి బట్టల కోసం తాను ఆసుపత్రికి ఎలా వెళ్లాడు: వీటన్నిటినీ వరుసగా, తీరిగ్గా చెప్పుకోవాలని, వినేవారు అయ్యో అనాలని అతని కోరిక. ఆ బట్టల సంగతి దగ్గర నేను ఎప్పుడు చదివినా ఆగిపోతాను. దుఃఖం అంటే ఏమిటో నిర్వచించకుండా, అది ఎంత చిన్న చిన్న పనులుగా ఉంటుందో చెహోవ్ ఆ ఒక్క వివరంలో చూపించారు.

చివరికి అతను గుర్రం దగ్గరికి వెళతాడు. ఓట్స్ గింజలు కొనేంత సంపాదన లేదు కాబట్టి అది గడ్డి నములుతూ ఉంటుంది. నీకో పిల్ల ఉందనుకో, ఆ పిల్ల పోయిందనుకో, నీకు బాధగా ఉండదా అని ఇయోనా దాన్ని అడుగుతాడు. అది నములుతూ, వింటూ, అతని చేతుల మీద ఊపిరి వదులుతుంది. అతను అంతా చెప్పేస్తాడు. ఏం చెప్పాడో కథ మనకు వినిపించదు. ఆ విషయాన్ని "మౌనం" అరలో రాసుకోండి.

ప్రతి అరలో కనీసం మూడు వివరాలు, పేజీ సంఖ్యలతో సహా, ఉండేవరకు తరువాతి మెట్టుకు వెళ్లవద్దు.

6. నేపథ్యం: అర పేజీకి మించకుండా

నేపథ్యాన్ని రెండో పఠనం తరువాతే వెతకండి. ముందే చదివితే రచనలో మనం చూసేదంతా ఆ నేపథ్యానికి ఉదాహరణగా మారిపోతుంది. రచయిత పుట్టుక, చదువు, బహుమతులు ఇక్కడ అవసరం లేదు. మీ నోట్స్‌లో అర్థం కాని చోట్ల నుంచే ప్రశ్నలు పుట్టాలి: శవాన్ని అప్పగించకపోవడం ఆ గ్రీకులకు ఎందుకంత ఘోరం? పల్లె నుంచి వచ్చి నగరంలో బండి తోలేవాడు రాత్రిళ్లు ఎక్కడ పడుకునేవాడు? దుఃఖంలో ఉన్నవారు ఆహారం ముట్టడం ఎప్పుడు మొదలుపెట్టేవారు?

ఇలాంటి ప్రశ్నలు మూడో నాలుగో తీసుకుని, ఒక్కోదానికి రెండు వాక్యాల జవాబు రాయండి. ఒక రచనలోని పాత్రను ఆ దేశస్థులందరికీ నమూనాగా తీసుకోవద్దు. నైజీరియా రచయిత చినువా అచెబె 1958లో ప్రచురించిన "థింగ్స్ ఫాల్ అపార్ట్" నవలలో ఇగ్బో జాతికి చెందిన కథానాయకుడు ఒకొంక్వో కోపిష్టి, కఠినుడు. అతని ఊళ్లోనే అతనితో విభేదించే మిత్రుడు ఉన్నాడు, అతని పద్ధతి నచ్చని కొడుకు ఉన్నాడు. "ఇగ్బో ప్రజలు ఇలా ఉంటారు" అని రాసే విద్యార్థి, ఆ నవల చివర ఒకొంక్వో జీవితాన్నంతా తన పుస్తకంలో ఒక పేరాకు కుదించాలనుకునే వలస అధికారి చేసిన పనే తానూ చేస్తున్నాడు.

7. ముందు తేడాల పట్టిక, తరువాతే పోలిక

మూడు రచనల నోట్స్ సిద్ధమయ్యాక మూడు నిలువు గడుల పట్టిక గీయండి. అడ్డంగా మీ ప్రశ్న నుంచి పుట్టిన నాలుగైదు చిన్న ప్రశ్నలు రాయండి. మొదటి విడత తేడాలు మాత్రమే నింపాలి.

పోయినదెవరు? ఇయోనాకు కొడుకు, ప్రయామ్‌కు కొడుకు, గిల్గమేష్‌కు స్నేహితుడు.

వినేవారెవరు? గిల్గమేష్‌కు మద్యం అమ్మే సిదూరి, పడవ నడిపే ఉర్షనాబి, జలప్రళయం నుంచి బతికి బయటపడిన ఉత్నపిష్టిమ్ ఒకరి తరువాత ఒకరు ఎదురవుతారు. బుగ్గలు ఎందుకు పీక్కుపోయాయి, ముఖం ఎందుకు వాడిపోయింది అని వాళ్లే అడుగుతారు. ప్రయామ్‌ను ఎవరూ అడగలేదు; రాత్రివేళ శత్రువు శిబిరంలోకి వెళ్లి, తన కొడుకులను చంపిన చేతులను ముద్దుపెట్టుకుని మాట మొదలుపెడతాడు. ఇయోనా అడగకుండానే చెప్పబోతాడు; మనుషులెవరూ వినరు.

ఎంత చెప్పగలిగారు? గిల్గమేష్ ఆరు పగళ్లు, ఏడు రాత్రులు ఏడ్చానని, ఎంకిడు ముక్కులోంచి పురుగు రాలేవరకు ఖననానికి ఒప్పుకోలేదని, అతనిలాగే నేనూ పడిపోనా అని భయపడ్డానని, ముగ్గురికీ అదే వరుసలో పూర్తిగా చెబుతాడు. మొదటి పఠనంలో విసుగనిపించిన ఆ పునరుక్తి ఇప్పుడు వేరుగా వినిపిస్తుంది. ఇయోనా మళ్లీ మళ్లీ చెప్పాలనుకుని చెప్పలేకపోయినది ఇలాంటి పూర్తి కథనమే.

విన్నవారు ఏం చేశారు? అకిలీజ్ ముసలివాడి చెయ్యి పట్టుకుని మెల్లగా పక్కకు జరుపుతాడు. ఇద్దరూ ఏడుస్తారు, ప్రయామ్ హెక్టర్ కోసం, అకిలీజ్ తన తండ్రి కోసం, పట్రోక్లస్ కోసం. ఇద్దరి కన్నీళ్లూ ఒకే గుడారంలో రాలినా అవి ఒకే మనిషి కోసం రాలినవి కావు. కాసేపటికే, తనను రెచ్చగొట్టవద్దని అకిలీజ్ ప్రయామ్‌ను హెచ్చరిస్తాడు కూడా. దాన్ని వదిలేసి "శత్రువులు మిత్రులయ్యారు" అని రాస్తే తప్పు.

ఇలా తేడాలు నింపాకే రెండో విడతలో పోలికలు వెతకండి. అప్పుడు ముందు ఊహించని పోలిక కనిపిస్తుంది. ప్రయామ్ తన మాటను, నీ తండ్రిని తలచుకో అంటూ మొదలుపెడతాడు. ఇయోనా గుర్రంతో, నీకో పిల్ల ఉందనుకో అంటాడు. ఇద్దరూ తమ దుఃఖాన్ని వినేవారి బంధంలోకి మార్చి చెబుతున్నారు. ట్రాయ్ రాజూ, అద్దె బండి తోలేవాడూ ఒకరికొకరు తెలియకుండా పట్టిన దారి ఒక్కటే. గిల్గమేష్ మాత్రం ఈ పని చేయడు. అతను ఎదుటివారి గతిని కాదు, తన చావునే తలుస్తాడు. "బాధ అందరిదీ" అన్న వాక్యం నుంచి మొదలుపెట్టి ఉంటే ఈ సంగతి మనకు దొరికేది కాదు.

పట్టికను ఇలా పరీక్షించుకోండి:

☐ ప్రతి గడిలోనూ వివరం ఉంది. "బాధపడ్డాడు" వంటి పొడిమాట లేదు.
☐ పోలికలకన్నా తేడాలు ఎక్కువ ఉన్నాయి.
☐ మూడింటిలో ఒకదానికి వర్తించని పోలిక కనీసం ఒకటి ఉంది, దాన్ని దాచలేదు.

8. వాదన వాక్యం, ఆ పైన వ్యాసం

పట్టిక నుంచి ఒక్క వాక్యం తీయాలి. బలహీనమైన వాక్యం ఇలా ఉంటుంది: "ఈ మూడు రచనలూ దుఃఖం విశ్వజనీనమని చూపుతాయి." దీన్ని ఎవరూ కాదనరు, కనుక దీనికోసం వ్యాసం అక్కరలేదు.

నిలబడే వాక్యం ఇలా ఉంటుంది: "తన దుఃఖాన్ని మరొకరు పూర్తిగా వినాలన్న అవసరం ముగ్గురిదీ ఒక్కటే, కానీ వినేవారు దొరకడం ఆ మనిషి స్థానాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, గిల్గమేష్‌ను ఎదుటివారే అడుగుతారు, ప్రయామ్ ప్రాణాలకు తెగించి వినిపించుకుంటాడు, ఇయోనాకు గుర్రం మాత్రమే మిగులుతుంది." ఇందులో "ఒక్కటే", "కానీ", "కాబట్టి" అన్న మూడు మాటలూ పని చేస్తున్నాయి. మీ వాక్యంలో "కానీ" లేకపోతే తేడాలు వదిలేశారని, "కాబట్టి" లేకపోతే కారణం చెప్పలేదని అర్థం.

వ్యాసాన్ని రచనకొక భాగంగా విడగొట్టి రాస్తే మూడు సారాంశాలు వస్తాయి. దానికి బదులు పట్టికలోని అడ్డ వరుసల ప్రకారం రాయండి: ఒక పేరాలో ఎవరు అడిగారు, మరో పేరాలో ఎంత చెప్పగలిగారు. ప్రతి పేరాలో కనీసం రెండు రచనలు కలిసి రావాలి. కథ చెప్పడానికి ఒక వాక్యానికి మించి వాడకండి. ఉటంకించిన ప్రతి పంక్తి తరువాత, అందులోని ఏ మాట మీ వాదనకు ఆధారమో మీరే చెప్పాలి.

9. చర్చ

నలుగురైదుగురు కలిసి చదివితే ఒక నియమం పెట్టుకోండి: అభిప్రాయం చెప్పేవారు ముందు పేజీ తెరిచి పంక్తి చదవాలి. మొదటి పావుగంట "నాకూ ఇలాగే జరిగింది" అన్న మాట రాకూడదు. తరువాత రావచ్చు, రావాలి కూడా. ఇంట్లో ఈమధ్యే మరణం చూసిన విద్యార్థి ఉంటే, అతణ్ని మాట్లాడమని ఒత్తిడి చేయవద్దు. వేరే ప్రశ్న ఎంచుకునే వీలు ముందే ఇవ్వాలి.

10. తరచూ జరిగే పొరపాట్లు, వాటి సవరణలు

ప్రతీకల వేట. కాఫ్కా 1915 నాటి "రూపాంతరం" చదివి, గ్రెగర్ పురుగుగా మారడం దేనికి ప్రతీక అన్న ప్రశ్న దగ్గరే వ్యాసం ముగించేవారు చాలామంది. ముఖచిత్రం మీద ఆ పురుగును గీయవద్దని, దూరం నుంచి కూడా చూపవద్దని కాఫ్కా తన ప్రచురణకర్తలకు లేఖ రాశారు. సవరణ: పురుగును వదిలి ఇంట్లోవారి చేతలను చూడండి. చెల్లెలు గ్రెటె మొదట్లో అన్నకు ఏది నచ్చుతుందో తెలుసుకోవడానికి రకరకాల తిండి తెచ్చి పరుస్తుంది. తరువాత తరువాత పనికి పరుగెత్తే ముందు ఏదో ఒకటి కాలితో గదిలోకి తోస్తుంది. సంపాదన ఆగిన మనిషికి కుటుంబంలో మిగిలే చోటు ఏమిటో ఆ కాలి తోపులో ఉంది.

ఒకరిని మంచివారిగా, మరొకరిని చెడ్డవారిగా తేల్చేయడం. సోఫోక్లీస్ గ్రీకు నాటకం "ఆంటిగొనీ"లో, నగరం మీదికి దండెత్తి చనిపోయిన ఆంటిగొనీ సోదరుడికి అంత్యక్రియలు నిషేధించిన రాజు క్రెయాన్‌ను దుర్మార్గుడిగా కొట్టేస్తే నాటకమే మిగలదు. సవరణ: మీకు నచ్చని పాత్ర పక్షాన, ఆ పాత్ర మాటల్లోంచే ఆధారాలు తీసి అర పేజీ రాయండి. సొంత నగరం మీదికి సేనలతో వచ్చినవాడికీ, నగరం కోసం పోరాడినవాడికీ ఒకే గౌరవం ఎలా ఇవ్వాలన్న క్రెయాన్ ప్రశ్నకు జవాబు అంత తేలిక కాదు.

ఒకే గొంతును నిజమని నమ్మడం. అకుతగావా 1922 నాటి జపనీస్ కథ "వెదురు పొదలో" ఒక హత్య గురించి ఏడు వాంగ్మూలాలు ఇచ్చి, తీర్పు చెప్పకుండా ముగుస్తుంది. హంతకుడెవరో తేల్చడానికి విద్యార్థులు గంటలు ఖర్చు పెడతారు. సవరణ: ప్రతి ఒక్కరూ తమ వాంగ్మూలం వల్ల తమ గురించి ఏ రూపాన్ని కాపాడుకోవాలనుకుంటున్నారో రాయండి.

సారాంశాల మీద ఆధారపడటం. "బండివాడు చివరికి గుర్రానికి చెప్పుకుంటాడు" అన్న సంగతి సారాంశంలో దొరుకుతుంది. ఆసుపత్రి నుంచి తెచ్చుకోవలసిన బట్టలు దొరకవు. సవరణ: మీ వ్యాసంలో సారాంశంలో దొరకని వివరాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఐదుకు తగ్గితే మళ్లీ పుస్తకం తెరవండి.

11. వ్యాసం అప్పగించే ముందు

☐ వాదన వాక్యంలో "కానీ", "కాబట్టి" రెండూ ఉన్నాయి.
☐ అనువాదకుల పేర్లు రాశాను.
☐ "అందరూ", "ఎప్పుడూ", "ప్రతి మనిషీ" అన్న మాటలు ఉన్నచోటల్లా ఆధారం ఉందో లేదో చూశాను. లేనిచోట ఎవరి గురించి చెబుతున్నానో ఆ మనిషి పేరు పెట్టాను.
☐ నా వాదనకు లొంగని ఒక వివరాన్ని ఒక పేరాలో ఎదుర్కొన్నాను.
☐ మొదటి పఠనం తరువాత రాసిన పది నిమిషాల పేజీని మళ్లీ చదివి, అప్పుడు అర్థం కాలేదని రాసుకున్న చోటుకు ఇప్పుడు నా జవాబు ఏమిటో దాని కిందే రాశాను.